కాలి వంతెన యెవరి పద్దు?

1952 వరదలో బెజవాడ ఆనకట్ట తెగింది. 1954లో కొత్త కట్టడం పని మొదలై 1957 ఆఖరుకు ప్రకాశం బారేజీ నిలబడింది. తెగినదాన్ని మళ్ళీ యెవరు కట్టాలన్న ప్రశ్నే అప్పుడు పుట్టలేదు. ప్రభుత్వం కట్టాలి, కట్టింది. అదే కృష్ణలోకి పారే వాగుల మీద వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోయే కాలి వంతెనల సంగతి వచ్చేసరికి మొట్టమొదట పుట్టేది ఆ ప్రశ్నే. ఊళ్ళో నలుగురు పెద్దలు అరుగుమీద చేరతారు. ఒక నోటు పుస్తకం తెస్తారు. పైన శ్రీరామ చుట్టి, ఇంటికింత అని వెయ్యటం మొదలుపెడతారు. ఒకే నీరు, ఒకే వరద. ఒక కట్టడం ఖజానా పద్దులో, మరొకటి చందా పద్దులో పడింది. ఈ తేడా యెట్లా వచ్చిందో చరిత్రలో వెతకటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంత చిన్న విషయానికి చరిత్ర యేమిటని కొందరు మిత్రులు అనవచ్చు. వాళ్ళు ఒకసారి అమరావతి నుంచి బయలుదేరి రేగడి పొలాల మీదుగా వానాకాలంలో నడిచి చూడాలి. కొండవీటి వాగు కొండవీటి కొండల్లో పుట్టి, తాడికొండ, తుళ్ళూరు, మంగళగిరి ప్రాంతాల మీదుగా వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో కోటెళ్ళవాగు, పాలవాగు వంటివి దానిలో కలుస్తాయి. పడమర పల్నాటికి పోతే నాగులేరు, చంద్రవంక, దక్షిణాన గుండ్లకమ్మ. వేసవిలో ఇసుక తప్ప మరేమీ కనపడని ఈ వాగులు ఒక్క రాత్రి వానకు నిలువెత్తున వస్తాయి. కృష్ణ నిండుగా వున్నప్పుడు కొండవీటి వాగు నీరు కృష్ణలోకి దిగదు, వెనక్కి తన్ని పొలాల మీద పరుచుకుంటుంది. నల్లరేగడి తడిస్తే యెడ్లబండికి దారి లేదు, ట్రాక్టరుకూ లేదు. మనిషి కాలికి మాత్రమే దారి వుంటుంది, అదీ వాగు దాటగలిగితే.

ఆ కాలు యెవరిది? రైతుకు పొలం వాగవతల వుంటే ఆయన నాలుగు రోజులు ఆగగలడు. మోటారు సైకిలు వున్నవాడు చుట్టూ తిరిగి రోడ్డున పోగలడు. ఆగలేనిది పత్తి తీతకు, మిరపకోతకు పోయే ఆడకూలీల ముఠా. ఆనాడు పనికి పోకపోతే ఆనాటి కూలి లేదు. తరువాత బడిపిల్లలు. తరువాత పాలచెంబుతో పొద్దున్నే బయలుదేరే మనిషి. ఆ పైన శవాన్ని మోసుకుపోయే నలుగురు. చాలా ఊళ్ళలో శ్మశానం వాగవతలే వుంటుంది. కాలి వంతెన అన్నది భూమి లేని వాళ్ళకు, చక్రం లేని వాళ్ళకు అవసరమైన కట్టడం. వెనకటి రోజుల్లో రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసి, పట్టుకోవటానికి ఒక వెదురు కట్టేవారు. ఇప్పుడు సిమెంటు తూములు వేసి మీద కాంక్రీటు పోస్తున్నారు. వరదకు రెండూ పోతాయి. తాటిదుంగ తేలి పక్క ఊరి దగ్గర తగులుకునేది, వెళ్ళి తెచ్చుకునేవారు. తూము మునిగి ఇసుకలో కూరుకుపోతుంది, మళ్ళీ కొనాలి. ఆ మేరకు చందా కూడా పెరిగింది.

నలుగురూ కలిసి ఇచ్చి ఒక కట్టడం నిలబెట్టటం ఈ నేలకు కొత్త కాదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు దొరికిన ధాతుకరండాల మీద రాతలున్నాయి. అవి క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితులు నిర్ణయించారు. తెలుగునాట దొరికిన అతి ప్రాచీన శాసనాలలో అవి లెక్కకు వస్తాయి. వాటిలో వున్నదేమిటి? రాజు గెలిచిన యుద్ధం కాదు. గోష్ఠుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు, మనిషి తరువాత మనిషి పేరు. సింహగోష్ఠి అనే సంఘానికి కుబిరకుడనే రాజు ముఖ్యుడని వుంది. రాజు అక్కడ సంఘంలో ఒకడుగా, పెద్దగా కనపడుతున్నాడే కాని సంఘాన్ని మింగి కనపడటం లేదు. మన ప్రాంతంలో మిగిలిన అతి పాత రాతల్లో ఒకటి ఒక విధంగా చందా కమిటీ జాబితా అంటే అతిశయోక్తి కాదు.

అమరావతి మహాచైత్యం దీనికంటే విస్తృతమైన ఆధారం. 1798 ప్రాంతంలో మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడినుంచి లండనుకు పోయాయి. ఆ పలకల మీద దాతల పేర్లున్నాయి. గృహపతులు, వర్తకులు, వారి ఇల్లాండ్రు, భిక్షువులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాలమ్మే హంఘుడు. వాళ్ళతో పాటు చమ్మకారుడైన విధికుడు. తోలు పని చేసే ఈ మనిషి నాగుడనే ఉపాధ్యాయుని కొడుకు. తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. తన వృత్తి పేరు దాచుకోలేదు, రాతిలో చెక్కించాడు. ధాన్యకటకం నిగమమంతా కలిసి ఇచ్చినట్టు చెప్పే రాతలూ వున్నాయి.

ఇది చూసి మన ప్రాచీన సమాజం సమష్టి జీవనపు స్వర్గమని పాట యెత్తుకునే పండితులతో నాకు పేచీ వుంది. ఆ పలకల్లో నిర్మాణాన్ని పర్యవేక్షించిన నవకమ్మికుని ప్రస్తావన వుంది. పల్నాటి సున్నపురాతిని గనినుంచి లాగిన బండివాడు, మోసిన కూలివాడు ఆ దాతల వరసలో కనపడరు. డబ్బిచ్చినవాడికి పేరు దక్కింది, చెమట ఇచ్చినవాడికి దక్కలేదు. అయినా విధికుని పలకను తేలికగా తీసెయ్యటానికి వీలులేదు. తోలు పనివాడు తన పేరుతో, తన వృత్తితో, తన కుటుంబంతో ఊరుమ్మడి కట్టడం మీద నిలబడగలిగిన కాలం ఒకటి ఈ కృష్ణ ఒడ్డునే వుండేదని అది చెబుతుంది. ఈ మాట తరువాత మళ్ళీ అవసరమవుతుంది.

ఇక్కడినుంచి చాలా శతాబ్దాలు దాటి కంపెనీ ప్రభుత్వం దగ్గరికి వస్తున్నాను. ఇప్పటి పద్దుల విభజన పుట్టింది అప్పుడే. 1832–33 గుంటూరు కరువులో జిల్లాలోని అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా చనిపోయారని అంచనా. శిస్తు కుప్పకూలింది. కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. పని నడిపించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. కరువుకూ కట్టడానికీ మధ్య ఇరవై యేళ్ళు గడిచాయి. జాలి ఒక్కటే పని చేయించేదైతే అంత కాలం పట్టేది కాదు. నీళ్ళు పారితే శిస్తు యెంత పెరుగుతుందో, పెట్టిన డబ్బుకు వడ్డీ యెంత వస్తుందో లెక్క తేలిన తరువాతే కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు. గోదావరి మీద కాటన్ చేసిన వాదనలో సగం మానవత్వం, సగం లాభనష్టాల పట్టిక. ఆయన్ను తప్పుపట్టటానికి ఈ మాట అనటం లేదు. యజమానికి అర్థమయ్యే భాషలో ఆయన మాట్లాడాడు. తరువాత కాలంలో నీటి పనులను ప్రొడక్టివ్ పనులని, ప్రొటెక్టివ్ పనులని దొరతనం విడదీసింది. అంటే ఆదాయం తెచ్చేవి ఒక పద్దు, కరువును ఆపేవి ఒక పద్దు. కాలి వంతెన శిస్తు పెంచదు. దాని మీద నడిచే కూలి మనిషి పేర పట్టా లేదు. ఆ పద్దుల్లో దేనిలోనూ దానికి గది దొరకలేదు.

రోడ్ల విషయం కూడా ఇంతే. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు మన రేగడి పొలాల పత్తికి ధర వచ్చింది. పత్తి బండి రేవుకు చేరే దారి మీద దొరలకు శ్రద్ధ పుట్టింది. పత్తి తీసిన మనిషి పొలానికి చేరే దారి మీద పుట్టలేదు.

అయితే వరద వచ్చినప్పుడు ఆ మనిషి అవసరం దొరతనానికి బాగా తెలుసు. 1858లో మద్రాసు రాజధానికి నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువు కట్టో, నది కరకట్టో తెగే ప్రమాదం వుంటే గ్రామాధికారి ద్వారా జనాన్ని పనికి రప్పించే అధికారం ఆ చట్టం ఇచ్చింది. యెవరిని? శ్రామిక వర్గాలకు చెందిన, ఒంట్లో బలమున్న మగవాళ్ళను. రైతు కట్టను కాపాడటానికి కూలివాడు పోవాలి, పోకపోతే శిక్ష. కుడిమరామత్తు అనే పాత ఆచారం, అంటే కాలవ పూడిక, చిన్న మరమ్మతు ఊరే చేసుకోవాలన్న కట్టుబాటు, ఆ చట్టం పరిధిలోకే వచ్చింది. ఒక చిత్రమైన సంగతి గమనించండి. వరద పనికి పిలిచిన మనిషికి ఆ చుట్టుపక్కల వుండే గరిష్ఠ కూలి రేటు ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. బలవంతం చేసిన దొరతనం కూడా శ్రమకు వెల కట్టింది. తరువాత వచ్చిన స్వదేశీ శ్రమదానాలు ఆ పని చెయ్యలేదు.

1871 స్థానిక నిధుల చట్టం, 1884 స్థానిక బోర్డుల చట్టం వచ్చాక రోడ్లకు, బళ్ళకు, ఆసుపత్రులకు శిస్తు మీద సెస్సు వసూలయింది. సెస్సు చెల్లించాక కూడా వాగు మీద దుంగలు ఊరే వేసుకోవాలి. అంటే ఒకే దారికి రెండుసార్లు చెల్లింపు. ఈ అన్యాయాన్ని మన జనం మాటల్లో పెట్టకపోయినా చేతల్లో చూపెట్టిన సందర్భం 1921లో చీరాల–పేరాల. యూనియన్‌గా వున్నప్పుడు ఆ జంట ఊళ్ళు సుమారు నాలుగు వేల రూపాయలు పన్నులు కట్టేవి. పురపాలక సంఘం వచ్చాక అది నలభై వేలకు పెరిగింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఇళ్ళు విడిచి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి వుండిపోయారు. చరిత్ర పుస్తకాలు దీన్ని పన్నుల నిరాకరణగానే చూపిస్తాయి. దానికి రెండో ముఖం వుంది. పన్ను నిరాకరించిన ఆ జనమే పాకలకు, తిండికి, రామదండు వాలంటీర్లకు తమలో తాము ఇచ్చిపుచ్చుకుని ఒక కొత్త ఊరు నడిపారు. వాళ్ళకు ఇవ్వటం ఇష్టం లేక కాదు. లెక్క తమ చేతిలో లేని పన్ను ఇవ్వటం ఇష్టం లేదు. మరుసటి సంవత్సరం పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్యచౌదరి నడిపిన శిస్తు నిరాకరణలో గ్రామాధికారులే రాజీనామాలిచ్చారు. లెక్కలు రాసే చెయ్యి ఆగిపోతే దొరతనం యెంత తికమక పడిందో ఆ ఉద్యమం చూపింది.

ఇదే కోవలో నందికొండ ఉద్యమాన్ని కూడా చెప్పుకోవాలి. సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య, కృష్ణకు ఆవలి ఒడ్డున ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టారు. ఖోస్లా సంఘం ఆ చోటు చూడటానికి వస్తే జీపులు పోవటానికి జనం అడవిలో బాట చదును చేశారని మన జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. జనం వేసిన ఆ బాట ప్రభుత్వం చెయ్యవలసిన పనికి బదులుగా వేసింది కాదు, ప్రభుత్వాన్ని పని దగ్గరికి నడిపించుకు రావటానికి వేసింది. పార, పలుగు, చెమట యెప్పటివే అయినా దాని రాజకీయం వేరు. ముందున్నది జమీందారు కదా అని ఈ ఉద్యమాన్ని తోసిపుచ్చటం నాకు సమ్మతం కాదు. రాజాగారి వెనక గొడ్డలి పట్టి చెట్లు కొట్టినవాళ్ళ సంగతి కూడా మనం అడగాలి.

స్వరాజ్యం వచ్చాక 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయింది. దానితో శ్రమదానమనే మాట ఊరూరా వినిపించింది. పెద్దలు తలపాగా చుట్టి మొదటి పార మట్టి తీసి, ఫోటో తీయించుకుని వెళ్ళేవారు. తక్కిన మట్టి యెవరు తీశారు? ఆ కాలంలో అభ్యుదయవాదులు చేసిన విమర్శ నేటికీ చెల్లుతుంది. శ్రమదానంలో భూమి వున్నవాడు ఒక పూట శ్రమ దానం చేస్తాడు, లేనివాడు ఒక పూట తిండి దానం చేస్తాడు. వేసిన రోడ్డు వల్ల ధర పెరిగేది ఆ రోడ్డు పక్క పొలానికి.

నేను చూసిన ఒక చందా పుస్తకం సంగతి ఇక్కడ చెప్పాలి. ఊరి పేరు అనవసరం. ఇటువంటివి చాలా ఊళ్ళలో వుంటాయి. వరదకు పోయిన వాగు వంతెన మళ్ళీ వెయ్యటానికి రాసుకున్న పుస్తకమది. మొదటి పేజీలో పెద్ద రైతుల పేర్లు ఇంటిపేర్లతో, గార్లతో వున్నాయి. తరువాత చిన్న రైతులు, కోమట్ల కొట్లు, బియ్యం మర. సొమ్ము అందినచోట టిక్కు, అందనిచోట సున్న. ఆఖరి పేజీ అడుగున ఒకే ఒక పంక్తి: మాలపల్లె, మాదిగపల్లె వారు, మనుషుల పని. పేరు లేదు, రోజుల లెక్క లేదు, వెల లేదు. దూలాలు మోసినవాళ్ళు, నడుంలోతు నీళ్ళలో నిలబడి గుంజలు పాతినవాళ్ళు ఆ ఒక్క పంక్తిలో ఇమిడిపోయారు. పని పూర్తయ్యాక వేసిన రాతి పలకలో ఆ పంక్తి కూడా లేదు. విధికుని పలక చెక్కిన అమరావతి అక్కడికి పెద్ద దూరం కాదు. రెండు వేల యేళ్ళనాడు తన వృత్తితో సహా రాతికెక్కిన తోలు పనివాడు ఈ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పల్లెగా మారిపోయాడు.

ఊరంతా ఒక్కటై కట్టుకున్నారని రాసే మన పత్రికా రచయితలు ఈ ఆఖరి పంక్తి చదవరు. ఊరంతా ఒక్కటే అనే మాట అనేటప్పుడు, మనం కారంచేడు 1985లో, చుండూరు 1991లో చూసిన జిల్లాల గురించి మాట్లాడుతున్నామని జ్ఞాపకం పెట్టుకోవాలి. చందా వెయ్యగల పెత్తనం వున్నవాడికి వెలి వెయ్యగల పెత్తనం కూడా వుంటుంది. ఇంటికింత అని సమానంగా వేస్తే అది న్యాయంగా కనపడుతుంది. పాతికెకరాల ఇంటికీ పాక ఇంటికీ ఒకే మొత్తమైతే అది తలపన్ను అవుతుంది. తలపన్ను యెక్కడా బీదవాడి మేలు కోరి పుట్టలేదు.

1997 జనవరిలో జన్మభూమి కార్యక్రమం వచ్చింది. పనుల ఖర్చులో సాధారణంగా 30 శాతం ప్రజల వాటా. వాటా కట్టిన ఊరికే పని. దీని వెనక సిద్ధాంతం యేమిటో అప్పట్లో ప్రపంచ బ్యాంకు పత్రాలు చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సేవ పొందేవాడు ఖర్చు భరించాలి, ప్రభుత్వం తోడు నిలబడుతుంది, అంతే. వాటా కట్టగల ఊరికి వంతెన వచ్చింది. కట్టలేని గూడెం యెప్పటిలాగే వాగులో దిగింది. అనేక చోట్ల ఆ వాటాను కాంట్రాక్టరే కట్టి, సిమెంటులో రాబట్టుకున్నాడన్నది ఆనాడు ఊరూరా వినపడిన మాట.

2000 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన గ్రామ సడక్ యోజన నిజంగా పెద్ద పని చేసింది, కాదనను. కాని దాని సూత్రం కూడా గమనించవలసి వుంది. దారి లేని ఆవాసానికి అన్ని కాలాల్లో పనికొచ్చే దారి ఒకటి వెయ్యాలి. ఒకటి వుంటే ఆ ఊరు పద్దు మూసినట్టే. రోడ్డు ఒకవైపు వున్నందుకు, వాగవతల పొలానికి, బడికి, శ్మశానానికి పోయే కాలిదారి ఆ లెక్కలో కనపడదు. ఆవాసం చక్రాలతో కలిసిందా లేదా అన్నదే కొలత. పాదాలతో కలిసిందా అన్న ప్రశ్న కాగితం మీద లేదు.

ఈ పోకడ మైదానంలో కాస్త మరుగున వుంటుంది, కొండల్లో బట్టబయలవుతుంది. అందుకని ఉత్తరాన విజయనగరం జిల్లా సాలూరు మండలం కొడమ పంచాయతీకి వెళదాం. 2022 తరువాత అది పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడ రోగిని, నిండుచూలాలిని డోలీలో మోసుకుపోవటం మామూలు. 2020లో కొడమ, చింతామల గిరిజనులు తమలో తాము సుమారు పది లక్షల రూపాయలు పోగుచేసి ఒడిశా వైపు కొండ తొలిచి దారి వేసుకున్నారు. నగలు కుదువబెట్టి ఇచ్చిన ఆడవాళ్ళున్నారని వార్తలొచ్చాయి. సినిమా తారలు అభినందనలు పంపారు. అభినందించటంలో తప్పులేదు. కాని కొండమీది మనిషి మెడలోని బంగారం తాకట్టులో పడితే గాని దారి పడని రాష్ట్రంలో, దాన్ని ఆదర్శమని ప్రచారం చెయ్యటం మాత్రం తప్పు. అది అప్పుపత్రం. బాకీదారు ప్రభుత్వం.

తిరిగి అమరావతికి వస్తే మరొక రకం చందా కనపడుతుంది. 2015 అక్టోబరులో రాజధాని శంకుస్థాపన సందర్భంగా నా ఇటుక – నా అమరావతి అని పిలుపునిచ్చారు. ఇటుక పది రూపాయలు. ఊరూరి నుంచి మట్టి, నీరు తెచ్చారు. విదేశాల్లో వున్న తెలుగువాళ్ళు కూడా ఇటుకలు కొన్నారు. 2019 తరువాత అక్కడ పని ఆగిపోయింది. రాజధాని తరలరాదని ఉద్యమించిన రైతులు తమ శిబిరాలను, పాదయాత్రలను చందాలతోనే నడిపారు. 2025 మేలో పనులు మళ్ళీ ప్రారంభమయ్యాయి. ఈ మొత్తం చరిత్రలో ఆ ఇటుక ఇచ్చిన మనిషిని యెవరైనా యెప్పుడైనా సంప్రదించారా? పది రూపాయల దాత తన పేరు తెరమీద చూసుకున్నాడు. పని ఆపటంలో అతని మాట లేదు, సాగించటంలోనూ లేదు. భట్టిప్రోలు గోష్ఠి సభ్యుడికి ఈ ఇటుక దాతను చూపిస్తే యేమనేవాడో!

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. కొట్టుకువచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. దెబ్బతిన్న దిమ్మెల స్థానంలో రోజుల వ్యవధిలో కొత్తవి పెట్టారు. పెట్టవలసిందే, డెల్టా అంతా ఆ గేట్ల మీద ఆధారపడి వుంది. కొండవీటి వాగు నీటిని కృష్ణలోకి తోడటానికి ఉండవల్లి దగ్గర 2018లోనే 237 కోట్ల రూపాయలతో ఎత్తిపోతల పథకం పెట్టారు. రాజధాని మునగకుండా వుండాలంటే అదీ అవసరమే. నేను అడిగేది ఒకటే. వందల కోట్లతో తోడే ఆ వాగే యెగువన ఒక దుంగల వంతెనను లాక్కుపోతే, దాన్ని మళ్ళీ వెయ్యటానికి ఏ ఇంజనీరు దగ్గర, ఏ కాగితం మీద, ఏ పద్దు వుంది?

ఇక మన మిత్రుల్లోనే ఒక వాదన వుంది. చందా వేసుకోవటమంటే ప్రభుత్వాన్ని బాధ్యతనుంచి తప్పించటమే కాబట్టి చందాకు వ్యతిరేకంగా ప్రచారం చెయ్యాలని. నేను ఒప్పుకోను. వరద తీసిన మర్నాడు మిరపతోటకు పోవలసిన ఆడమనిషికి మన తీర్మానం వంతెన కాదు. చందాను యెవరు రాస్తారు, శ్రమకు వెల కడతారా లేదా, ఖర్చయిన సొమ్ము ప్రభుత్వం బాకీగా నమోదవుతుందా అన్నచోట మనం పట్టుకోవాలి. దక్షిణ కన్నడలో సుళ్య దగ్గర అరంబూరు జనం 1989లో పయస్వినీ నది మీద వేలాడే కాలి వంతెన వేసుకున్నారు. గిరీశ్ భరద్వాజ్ అనే మెకానికల్ ఇంజనీరు వాళ్ళకు తోడయ్యాడు. తరువాత ఆయన అటువంటివి వంద పైగా కట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు సరే; కాలి వంతెనకు కూడా ఇంజనీరు శ్రద్ధ అవసరమని అరంబూరు నిరూపించటం అంతకంటె పెద్ద విషయం. పెరూలో అపురిమాక్ నది మీద కెస్వచాక అనే గడ్డితాళ్ళ వంతెనను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు యేటా కొత్తగా అల్లుతారు. ఇంటింటా గడ్డితాడు పేని తేవాలి. అక్కడ చందా అంటే తాడే. శ్రమ ఇచ్చినవాడు, సొమ్ము ఇచ్చినవాడు అన్న విభజన ఆ తాడులో లేదు. కరోనా కాలంలో అల్లిక ఆగి 2021 మార్చిలో అది కూలింది. ఆ జూన్‌లో మళ్ళీ అల్లారు.

మనకు అన్నిటికంటె పనికొచ్చే ఉదాహరణ నేపాల్. అక్కడ కాలి వంతెన ప్రభుత్వ పద్దులో వుంది. స్విట్జర్లాండు సాయంతో దశాబ్దాలుగా నడిచిన కార్యక్రమంలో కట్టిన కాలి వంతెనలు పదివేలు దాటాయి. ఉక్కుతీగ, నమూనా, ఇంజనీరు ప్రభుత్వం తరఫున వస్తాయి. తీగను వరసగా భుజాల మీద కొండెక్కించేది ఊరివాళ్ళు. వాడుకదార్ల కమిటీలో ఆడవాళ్ళకు, దళితులకు చోటు వుండాలని నియమం. పని జరిగేచోట అందరిముందు లెక్క చదవాలి. అక్కడా కులం వుంది, పెత్తనం వుంది, ఆ దేశం గురించి నాకు భ్రమలు లేవు. కాని లెక్క బహిరంగంగా చదవాలన్న నియమం వున్నచోట, ‘మనుషుల పని’ అని ఒక్క పంక్తిలో ముగించటం అంత తేలిక కాదు.

మన జిల్లాల్లో ఈ చరిత్రకు ఆధారాలు ఇంకా అటకల మీద వున్నాయి. గ్రామ కరణాల కాగితాలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని అమ్ముడయ్యాయి. చందా పుస్తకాలు మాత్రం పాత పెద్దల ఇళ్ళలో, సహకార సంఘాల బీరువాల్లో, రామమందిరాల పెట్టెల్లో దొరుకుతాయి. కళాశాలల చరిత్ర శాఖల్లో పనిచేసే మిత్రులు, విద్యార్థులు సెలవుల్లో ఒక్కొక్క వాగు తీసుకుని, మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా నడిచి వీటిని నకలు తియ్యాలి. పుస్తకంలో వున్న పేర్లతో పాటు ఆఖరి పంక్తిలో మునిగిపోయిన పేర్లను పల్లెల్లో ముసలివాళ్ళ నోట రాబట్టాలి. ఏ దూలం యెవరు మోశారో, యెన్ని రోజులు పనికి పోలేదో, ఆనాటి కూలిరేటు యెంతో వాళ్ళకు బాగా గుర్తుంటుంది. ఆ రేటుతో హెచ్చవేసి, సొమ్ము చందా పక్కన శ్రమ చందాను కూడా రూపాయల్లో రాస్తే ఒక్కొక్క వంతెనకు అసలు దాతలెవరో తేలుతుంది. కొండవీటి వాగుతో మొదలుపెట్టవచ్చు. ఆడకూలీలు వాగు దాటే రేవులన్నీ పత్తితీతల కాలంలో సులభంగా తెలుస్తాయి కాబట్టి కార్తీకం తరువాత వెళ్ళటం మంచిది.